చిన్న ట్రక్కులో రెండు బైకులు: ఒక ఆటోనగర్ ప్రాజెక్టు డైరీ

విజయవాడ ఆటోనగర్ నుంచి గుంటూరు దాకా, పాత టాటా ఏస్‌లో రెండు బైకులను గీత పడకుండా చేర్చడానికి నేను చేసుకున్న ఏర్పాటు ఇది. మొత్తం ఖర్చు పదిహేను వేలు దాటింది. అందులో నాలుగు వేల దాకా నా తప్పులకు కట్టిన ఫీజే. అవి మీరు కట్టకుండా ఉంటారని రాస్తున్నాను.

నాది బైకు మెకానిక్ షెడ్డు. 2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు సింగ్ నగర్‌ను ముంచినప్పుడు, నీళ్లు తాగిన బైకులు వరసగా మా దగ్గరికి వచ్చాయి. ఇంజన్‌లోకి నీళ్లు పోయిన బండిని స్టార్ట్ చేయకూడదు, కిక్ కూడా కొట్టకూడదు. లోపల నీరు నొక్కుకుపోదు కాబట్టి కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. అందుకే వాటిని మోసుకురావాల్సి వచ్చింది. ఆ రోజుల్లో ట్రాలీ ఆటోల్లో ఒకదాని మీద ఒకటి ఆనించి ఎలా మోశామో రాస్తే పరువు పోతుంది. ఆ తర్వాత మా బావ సెకండ్ హ్యాండ్‌లో ఏస్ కొన్నాడు. దాని వెనక బాడీ పాత ఓనరు ఎవరి దగ్గరో కట్టించుకున్నది.

టేపు పెట్టి తీసిన కొలతలు:

- బాడీ లోపలి పొడవు: 7 అడుగుల 2 అంగుళాలు
- లోపలి వెడల్పు: 4 అడుగుల 10 అంగుళాలు (1,473 ఎం.ఎం.)
- పక్క గోడల ఎత్తు: 1 అడుగు
- ఖాళీ బండికి నేల నుంచి బాడీ ఫ్లోరు: 27 అంగుళాలు

దశ 1: నైలాన్ తాడు, సైడ్ స్టాండు

మొదటి ట్రిప్పు ఒక్క స్ప్లెండరే. గుంటూరు బ్రాడీపేటలో దించాలి. సైడ్ స్టాండు వేసి, రెండు హ్యాండిల్ గ్రిప్పులకు నైలాన్ తాడు కట్టి, పక్క గోడల బయట పట్టా కట్టుకునే కొక్కేలకు లాగి ముడి వేశాం. తాడు వీణ తీగలా మోగింది. చాలనుకున్నాం.

బెంజి సర్కిల్ దాటి కనకదుర్గ వారధి ఎక్కగానే మొదలైంది. వారధి మీద ప్రతి జాయింటు దగ్గరా ఠక్కుమని ఒక కుదుపు. ప్రతి కుదుపుకీ బైకు ముందు షాకులు కిందికి దిగుతాయి. అవి దిగిన క్షణంలో తాడు వదులవుతుంది, ఆ సందులో బైకు కాస్త జరుగుతుంది. తాడేపల్లి చేరేసరికి హ్యాండిల్ ఒక పక్కకు తిరిగిపోయి, బైకు గోడ మీద వాలి ఉంది. ట్యాంకుకు సొట్ట, ఎడమ అద్దం పగిలింది, క్లచ్ లివర్ విరిగింది.

దించాక చూస్తే తాడు ఎక్కడా తెగలేదు. ముడి కూడా ఊడలేదు. తప్పు మూడు చోట్ల ఉంది:

1. హ్యాండిల్ తిరిగే వస్తువు. దాని చివర కడితే బైకును పట్టుకున్నట్టు కాదు, దాన్ని తిప్పడానికి పొడవాటి లివర్ ఇచ్చినట్టు.
2. తాడు కిందికి లాగే బరువంతా సైడ్ స్టాండు మీద పడింది. స్టాండు కాలు వంగి, బైకు ఇంకా వాలింది.
3. నైలాన్ సాగుతుంది. తడిస్తే ఇంకా సాగుతుంది. లారీలకు వాడే పాలిస్టర్ బెల్టు దానంత సాగదు.

ఆ రోజు నుంచి సైడ్ స్టాండు వేసి మోయడం మానేశాం. బైకు తన రెండు చక్రాల మీద, నిటారుగా, స్టాండు మడిచి ఉండాలి.

ఖర్చు: ట్యాంకు సొట్ట, పెయింటు 1,750, అద్దాల జత 250, లివర్ 150, తాడు 240.
ఇప్పటిదాకా మొత్తం: రూ. 2,390

దశ 2: కొక్కేలు

తాడు స్థానంలో అరువు తెచ్చిన రాచెట్ బెల్టు (మీట ఆడించి బిగించేది) వేసి, అవే పక్క కొక్కేలకు బిగించి, ఖాళీ రోడ్డు మీద రెండు సార్లు గట్టిగా బ్రేకు కొట్టి చూశాం. బెల్టు బాగానే ఉంది, ఈసారి కొక్కెం తెరుచుకుంది. 8 ఎం.ఎం. రాడ్డుతో చేసిన కొక్కెం అది. నోరు 22 ఎం.ఎం. ఉండేది, 37 అయింది. పట్టా తాడుకు చేసిన కొక్కేన్ని బైకు బరువు మోయమంటే అంతే.

మరి ఎంత బలం కావాలి? యూరప్‌లో సరుకు కట్టడానికి పాటించే లెక్క ఒకటుంది: ముందుకు బరువులో 80 శాతం, పక్కలకూ వెనక్కూ 50 శాతం ఆపగలగాలి. మేం మోసే వాటిలో బరువైనది బుల్లెట్, దాదాపు 190 కిలోలు. అంటే బ్రేకు వేసినప్పుడు ముందుకు 152 కిలోలు, మలుపులో పక్కకు 95 కిలోలు. బెల్టు ఏటవాలుగా ఉంటుంది కాబట్టి పక్కకు ఆపడానికి దాని బలంలో సగమే పనికొస్తుంది. ఒక పక్క రెండు బెల్టులు పంచుకుంటే ఒక్కోదానికి 95 కిలోలు. దాన్ని మూడింతలు చేసుకుంటే 285. ఒక్కో కొక్కెం కనీసం 300 కిలోలు తట్టుకోవాలని పెట్టుకున్నాను.

ఫ్లోరు రేకు మీద ఆరు చోట్ల డి-రింగులు వెల్డింగ్ చేయించాను. పక్క ఇనప కొట్టులో వేలాడే డిజిటల్ కాటా అడిగి తెచ్చి, చైన్ పుల్లీకీ రింగుకీ మధ్య తగిలించి లాగాం.

- 100 కిలోలు: ఏమీ లేదు
- 180 కిలోలు: రింగు చుట్టూ రేకు పైకి లేవడం కంటికి కనిపించింది
- 240 కిలోలు: రేకు పూరీలా పొంగింది, వెల్డింగ్ అంచున చీలిక

వెల్డింగ్ చేసిన బాబాయి కిందికి వంగి చూసి, "అబ్బాయ్, చర్మాన్ని పట్టుకుని మనిషిని లేపుతావా? కింద ఎముక ఉంది, దానికి పట్టించు" అన్నాడు. ఎముకంటే ఫ్లోరు కింద అడ్డంగా పోయే ఛానళ్లు. ఆ మాట ముందే చెప్పుంటే ఆరు వందలు మిగిలేవి కదా బాబాయ్ అంటే, "నువ్వు అడిగింది వెల్డింగే కదా" అన్నాడు. నిజమే.

మార్చిన పద్ధతి:

1. డి-రింగులు గ్రైండర్‌తో కోసేశాం.
2. అడ్డ ఛానల్ పక్కనే ఫ్లోరుకు రంధ్రాలు వేసి, 12 ఎం.ఎం. యు-బోల్టు పై నుంచి దించాం.
3. కింద 6 ఎం.ఎం. ప్లేటు పెట్టాం. ఆ ప్లేటు ఛానల్‌ను కూడా పట్టుకునేలా బిగించాం.
4. డబుల్ నట్టు వేశాం. ఒక్క నట్టు కుదుపులకు వదులవుతుంది.
5. ముందు మూడు, వెనక మూడు. మధ్యవి రెండు బైకులకూ ఉమ్మడి కాబట్టి వాటికి ప్లేటు రెట్టింపు వెడల్పు.

మళ్లీ కాటా పెట్టాం. 500 కిలోలు లాగినా కదల్లేదు. అక్కడ ఆపేశాను, కాటా వాళ్లది.

ఖర్చు: యు-బోల్టులు 540, ప్లేట్లు 9 కిలోలు 630, వృథా అయిన వెల్డింగ్ 600, డ్రిల్లింగ్ 400.
ఇప్పటిదాకా మొత్తం: రూ. 4,560

దశ 3: ముందు చక్రానికి పీట

బెల్టులు బైకును కిందికి లాగి ఉంచుతాయి. ముందు చక్రం అటూ ఇటూ తిరగకుండా ఆపాల్సింది మాత్రం వేరే ఉండాలి. మేం దాన్ని పీట అంటున్నాం.

మొదటి పీట యాంగిల్ ముక్కలతో రెండు గోడలు, మధ్య 5 అంగుళాల సందు. అన్ని బైకులకూ పడుతుందని అంత వెడల్పు పెట్టాను. స్ప్లెండర్ ముందు టైరు 2.75 అంగుళాలది. పక్కకు అంగుళం, అంగుళం ఖాళీ. బళ్లో చక్రం గిలక్కాయలా కొట్టుకుంది. ఒక గోడకు రంధ్రాల వరస వేసి, జరిపి బోల్టు బిగించుకునేలా మార్చాను. సందు ఇప్పుడు 3 అంగుళాల నుంచి 4.5 దాకా మారుతుంది. టైరుకూ గోడకూ మధ్య పాత ట్యూబు ముక్క పెడితే ఊగడం పూర్తిగా పోయింది.

ముందు వైపు ఆపు కూడా ముఖ్యం. టైరు ఒక్క చోట కాదు, కింద ఒక చోట, చక్రం ఇరుసు ఎత్తుకు కాస్త కింద ఇంకో చోట ఆనాలి. కింద ఒక్క అడ్డు కర్ర మాత్రమే ఉంటే గట్టి బ్రేకుకు చక్రం దాన్ని ఎక్కి దాటుతుంది. ఖాళీ బళ్లో అది కూడా చేసి చూశాం.

రెండో బైకు దగ్గర లెక్క తప్పింది. స్ప్లెండర్ హ్యాండిల్ 720 ఎం.ఎం., మా దగ్గర ఉన్న బుల్లెట్‌ది 785. కలిపితే 1,505. బాడీ 1,473. హ్యాండిల్ పక్క గోడ కంటే ఎత్తులో ఉంటుంది కదా, కాస్త బయటికి పోతే ఏమైందని బావ వాదన. మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 194(1ఎ) ప్రకారం సరుకు బాడీ పక్కలకు బయటికి వస్తే జరిమానా 20 వేలు, దింపించే ఖర్చు అదనం. ఆ అంకె చెప్పాక వాదన ఆగింది.

అందుకని ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు చూసేలా పెట్టాం. బరువైనది ఎప్పుడూ ముందుకు చూడాలి, డ్రైవరు వెనక వైపు ఉండాలి. రెండోది వెనక చక్రాన్ని క్యాబిన్ గోడకు చెక్క దిమ్మతో ఆనించి, ముందు చక్రానికి తలుపు దగ్గర ఇంకో పీట. ఇబ్బంది ఏమిటంటే ఈ రెండోదాన్ని వెనక చక్రం ముందుగా ఎక్కించాలి. ఇద్దరు మనుషులు లేకుండా ఆ పని పెట్టుకోకండి.

ఖర్చు: రెండు పీటలకు ఇనుము 18 కిలోలు 1,260, బోల్టులు 240, వెల్డింగ్ 900.
ఇప్పటిదాకా మొత్తం: రూ. 6,960

దశ 4: ఎక్కించే బల్ల

దెబ్బ తగిలింది ఈ దశలోనే. బైకులకు దారిలో జరిగే నష్టం కంటే ఎక్కించేటప్పుడూ దించేటప్పుడూ జరిగేదే ఎక్కువని నా అనుభవం.

ముందు వాడింది సెంట్రింగ్ పనివాళ్ల 6 అడుగుల చెక్క బల్ల. 27 అంగుళాల ఎత్తుకు 6 అడుగుల బల్ల అంటే 22 డిగ్రీల వాలు. బుల్లెట్‌ను ఆ వాలు మీద తోయాలంటే సుమారు 71 కిలోల బలం కావాలి. ఇద్దరం తోశాం. ముందు చక్రం బాడీ అంచు దాటిందో లేదో, సెంటర్ స్టాండు బల్ల చివరకు తగిలి ఆగిపోయింది. స్టాండు కింద ఖాళీ 5 అంగుళాలే, ఆ వాలుకు 5 పావు కావాలి. ఆగిపోయిన బండిని ఇంకాస్త గట్టిగా తోశాం. బండి కదల్లేదు, బల్ల వెనక్కు జారింది. దాన్ని బాడీకి దేనితోనూ కట్టలేదు. బైకు సగం లోపల, సగం గాల్లో. బావ మోకాలు చీరుకుపోయింది, బుల్లెట్ సైలెన్సర్ నేలకు తగిలి గీసుకుంది. బండి నాదే కాబట్టి ఆ ఖర్చు ఇక్కడ వేయడం లేదు.

8 అడుగుల బల్ల అయితే వాలు 16 డిగ్రీలు, తోయాల్సింది 53 కిలోలు, స్టాండు కింద కావాల్సిన ఖాళీ 4 అంగుళాల లోపు.

3 ఎం.ఎం. రేకును 6 అంగుళాల వెడల్పున మడిచి, రెండు వైపులా అంగుళంన్నర అంచు పెట్టించాను. 13 కిలోలు. ఒక్కడే ఎత్తుకోవచ్చు. స్ప్లెండర్ హాయిగా ఎక్కింది. బుల్లెట్ ముందు చక్రం మధ్యకు వచ్చేసరికి రేకు 20 ఎం.ఎం. కిందికి దిగింది, దించాక పూర్తిగా తిన్నగా రాలేదు. అంటే ఇనుము తట్టుకోగల హద్దుకు వచ్చేసింది. కింద రెండు 25 ఎం.ఎం. చదరపు పైపులు పొడవునా వెల్డింగ్ చేయించాక అదే బండికి 7 ఎం.ఎం. మాత్రమే దిగింది. బరువు 20 కిలోలకు చేరింది. పర్వాలేదు.

ఇప్పుడు ఎక్కించే క్రమం:

1. ఏస్ వెనక చక్రాలు పల్లంలో ఉండేలా ఆపాలి. మా షెడ్డు ముందు కాలువ గట్టు వాలు ఉంది, అక్కడ ఎత్తు 27 నుంచి 21కి దిగుతుంది. తోసే బలం 42 కిలోలకు పడిపోతుంది. పైసా ఖర్చు లేని ఉపాయం.
2. హ్యాండ్ బ్రేకు, గేరు, చక్రాల వెనక రాళ్లు. మూడూ.
3. వెనక తలుపు ఊడదీసి పక్కన పెట్టాలి. తలుపు గొలుసులు బైకు బరువుకు చేసినవి కావు.
4. బల్ల పైచివర కొక్కెం బాడీ అంచుకు తగిలించి, గొలుసుతో యు-బోల్టుకు కట్టాలి. గొలుసు లేకుండా బైకు దగ్గరికి కూడా రానివ్వను.
5. మనిషి నడవడానికి పక్కన ఇంకో చెక్క బల్ల. బైకు పైకి పోయి మనిషి కింద ఉండిపోతే హ్యాండిల్ చేజారుతుంది.
6. ఇంజన్ ఆపి తోయాలి. క్లచ్ వదిలి నడిపించి ఎక్కించేవాళ్లను చూశాను, నేను చేయను. ముందు బ్రేకు మీద ఎప్పుడూ రెండు వేళ్లు.

వాన పడితే రేకు మీద టైరు జారుతుంది. బల్ల లోపల చెకర్ ప్లేటు వేద్దామనుకున్నాను, బరువు పెరుగుతుందని అడ్డంగా అడుగుకొక వెల్డింగ్ గీత గీయించాను. అది చాలింది.

ఖర్చు: రేకు 975, మడత 300, పైపులు 525, వెల్డింగ్ 500, గొలుసు, కొక్కేలు 250, నడిచే చెక్క 400.
ఇప్పటిదాకా మొత్తం: రూ. 9,910

దశ 5: బెల్టులు

బైకుకు నాలుగు, మొత్తం ఎనిమిది. పాలిస్టర్ రాచెట్ బెల్టులు. కొనేటప్పుడు చూడాల్సింది కొక్కేనికి మూసుకునే స్ప్రింగు నాలుక ఉందా లేదా అని. తెరిచిన కొక్కెమైతే గుంతలో షాకులు దిగిన ఒక్క క్షణం చాలు, యు-బోల్టు నుంచి ఊడి పడటానికి. బెల్టు మీద రాసే అంకె కూడా జాగ్రత్తగా చదవండి. పెద్ద అంకె సాధారణంగా తెగిపోయే బరువు. పని చేయించదగ్గది అందులో మూడో వంతే.

ముందు బెల్టులు ఇప్పుడు హ్యాండిల్‌కు కాదు, ఫోర్కులు, అంటే ముందు షాకులు, రెండింటినీ కలిపి పట్టుకునే కింది టీకి వేస్తున్నాం. కొక్కెం నేరుగా తగిలిస్తే పెయింటు పోతుంది కాబట్టి మధ్యలో సాఫ్ట్ లూపులు, అంటే మెత్తని బెల్టు ఉచ్చులు. అక్కడి నుంచి ముందుకూ పక్కకూ ఏటవాలుగా యు-బోల్టుకు. వెనక బెల్టులు ఫుట్‌రెస్టు బిగించిన ఫ్రేము దగ్గర. వెనకవి లేకపోతే బైకు తోక అడుగు అడుగుకీ పక్కకు జరుగుతుంది. సీటు వెనక పట్టుకునే రాడ్డుకు కొందరు కడతారు. అది మనిషి చేతికి పెట్టినది. బెల్టు సైలెన్సర్‌కు తగలకూడదు, ఇప్పుడే నడిపి తెచ్చిన బండైతే కరుగుతుంది.

ఎంత బిగించాలి? ఇక్కడ ఒక పల్సర్ నాకు పాఠం చెప్పింది. కదలకూడదని షాకులు పూర్తిగా కిందికి దిగేదాకా బిగించాను. గుంటూరులో దించే చోట మనిషి లేక రాత్రంతా అలాగే ఉంచాం. పొద్దున ఎడమ ఫోర్కు నుంచి ఆయిల్ కారుతోంది. ఆయిల్ కారకుండా ఆపే సీళ్లు పాతవే, ఒప్పుకుంటాను, కానీ మా చేతిలో ఉండగా పోయాయి. సీళ్లు మేమే వేసిచ్చాం.

ఇప్పుడు ఫోర్కు మీద రబ్బరు బ్యాండు పెట్టి కొలిచి బిగిస్తున్నాను. స్ప్లెండర్‌కు 40 ఎం.ఎం. దిగితే ఆపేస్తాను. ఆ కొలత దారిలో ఎలా మారిందో ఒక ట్రిప్పులో రాసుకున్నాను:

- ఆటోనగర్‌లో బిగించినప్పుడు: 40
- వారధి దాటాక, తాడేపల్లిలో: 31
- అక్కడే మళ్లీ బిగించాక: 40
- కాజ టోల్‌ప్లాజా దగ్గర: 37
- గుంటూరులో దించే ముందు: 36

మొదటి కొద్ది కిలోమీటర్లలోనే 9 ఎం.ఎం. పోయింది. లూపులు సర్దుకుంటాయి, టైరు పీటలో కూర్చుంటుంది, బెల్టు మడతలు సాగుతాయి. ఒకసారి మళ్లీ బిగిస్తే తర్వాత పెద్దగా వదులవదు. కాబట్టి తాడేపల్లిలో ఆగడం ఇప్పుడు ట్రిప్పులో భాగం. బావ అక్కడే టీ తాగుతాడు, నేను బెల్టులు చూస్తాను.

ఖర్చు: బెల్టులు 3,840, సాఫ్ట్ లూపులు 640, పల్సర్ సీళ్లు, ఆయిల్ 850.
ఇప్పటిదాకా మొత్తం: రూ. 15,240

దశ 6: మే నెల ట్రిప్పులు

రోహిణి కార్తె ఎండలో ఒక పాత బుల్లెట్ తెస్తుంటే మంగళగిరి దగ్గర పెట్రోలు వాసన. ట్యాప్ మూయలేదు. కార్బొరేటర్ ఉన్న బండి కుదుపులకు ఫ్లోటు ఊగి పెట్రోలు పొంగుతుంది. పక్కకు ఆపి, ట్యాప్ మూసి, గుడ్డతో తుడిచి, గాలికి ఆరేదాకా ఆగాం. బావ ఆ రోజు బీడీ వెలిగించలేదు, అదృష్టం. కొత్త ఇంజెక్షన్ బళ్లకు ఈ ట్యాప్ ఉండదు, గొడవ లేదు. ట్యాంకు మాత్రం ఏ బండిదైనా పావు వంతు కంటే ఎక్కువ ఉంచొద్దని ఓనర్లకు ముందే చెబుతున్నాం.

ఇంకొకటి, చెకింగ్‌లో ఆపితే ఈ బైకులు ఎవరివని మొదట అడుగుతారు. ఓనరు ఫోన్‌లో డిజీలాకర్ ఆర్‌సీ తెరిచి చూపించగలిగేలా నంబరు అందుబాటులో ఉంచుకుంటున్నాం. ఎక్కించే ముందు బైకును నాలుగు వైపులా ఫొటో తీసి ఓనరుకు పంపుతాను. ఒకాయన, రిటైరైన మాస్టారు, "ఈ గీత మీ దగ్గర పడిందే బాబూ" అన్నప్పుడు ఆ ఫొటోయే కాపాడింది. ఆయనే నవ్వి, మా మనవడి పనై ఉంటుందిలే అన్నారు.

మిగిలిపోయిన పని

యాక్టివా ఇంకా కుదరలేదు. ముందంతా ప్లాస్టిక్, కింది టీ దాని లోపల దాక్కుని ఉంటుంది. చక్రం చిన్నది కాబట్టి పీటలో పై ఆపు టైరుకు తగలక మడ్‌గార్డుకు తగులుతోంది. ప్రస్తుతానికి యాక్టివా వస్తే ఇంకో బైకు ఎక్కించకుండా, ఒక్కదాన్నే మధ్యలో పెట్టి, హ్యాండిల్ మెడ దగ్గర లూపులు వేసి, పక్కన నేను కూర్చోకుండా, వెనక బైకు మీద వస్తూ చూసుకుంటున్నాను. పీటకు తీసి పెట్టుకునే చిన్న ఆపు ఒకటి గీసి బాబాయికి ఇచ్చాను. ఈసారి కింద ఎముక ఎక్కడుందో ముందే అడిగాను.